మన ఎండకు, మన కరెంటుకు తట్టుకునే గేమింగ్, ఎడిటింగ్ కంప్యూటర్: తక్కువ బడ్జెట్‌లో భాగాలు ఎంచుకోవడం ఎలా?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి ఊళ్లలో కొత్తగా కంప్యూటర్ కట్టించుకోవాలనుకునే వారిలో చాలామందికి ఒకే యంత్రం రెండు పనులు చేయాలి. లగ్గాల సీజన్‌లో పగలంతా పెళ్లి వీడియోల మిక్సింగో, యూట్యూబ్‌లో పెట్టే జానపద పాటల ఎడిటింగో సాగాలి. రాత్రి పని ముగిశాక ఒక గంట వాలరెంటో జీటీఏనో ఆడుకోవాలి. 60, 70 వేల రూపాయలు చేతిలో పెట్టుకొని దుకాణానికి వెళ్తే అక్కడ మొదట చూపించేది రంగురంగుల లైట్లు వెలిగే క్యాబినెట్, తర్వాత గ్రాఫిక్స్ కార్డు. భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం చివర మిగిలిన డబ్బులో సర్దేస్తారు. ఈ పని మీదే బతుకుతూ, బంధువులకూ తోటి ఎడిటర్లకూ సిస్టంలు కట్టిపెడుతూ వచ్చిన అనుభవంతో ఆ వరుసను మార్చుకోమని చెబుతున్నాను. మన దగ్గర మొదట చూడవలసింది మీ కెమెరా ఇచ్చే ఫైలు, తర్వాత మీ ఇంటి కరెంటు, ఆ తర్వాత మే నెల ఎండ. ఈ మూడింటి లెక్క తేలాక ఏ ప్రాసెసర్, ఏ కార్డు అన్న ప్రశ్నకు జవాబు సగం దొరికినట్లే.

మొదటి అడుగు: కెమెరా ఫైలును పరిశీలించండి

కెమెరా వీడియోను ఉన్నదున్నట్లుగా దాచదు, నొక్కి చిన్నది చేసి దాస్తుంది. ఆ నొక్కే పద్ధతి పాత కెమెరాల్లో ఎక్కువగా హెచ్.264, కొత్త కెమెరాల్లోనూ ఫోన్లలోనూ హెచ్.265. ఎడిటింగ్ చేసేటప్పుడు ప్రతి ఫ్రేమునూ కంప్యూటర్ తిరిగి విప్పాలి. టైమ్‌లైన్ సాఫీగా నడుస్తుందా, అడుగడుగునా ఆగుతుందా అన్నది ఆ విప్పే పనిని ఎవరు చేస్తున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకోసమే కట్టిన ప్రత్యేక విభాగం ప్రాసెసర్‌లోనో గ్రాఫిక్స్ కార్డులోనో ఉంటే పని తేలికగా సాగుతుంది. ఆ విభాగానికి మీ ఫైలు రకం తెలియకపోతే భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది.

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో మీ ఫైలు ఒకటి తెరిచి మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: హెచ్.264నా హెచ్.265నా, 8 బిట్టా 10 బిట్టా (ఒక్కో రంగులో ఎన్ని ఛాయలు దాచిందో), 4:2:0నా 4:2:2నా (రంగు వివరం ఎంత ఉంచిందో). ఉదాహరణకు సోనీ ఏ7 3 కెమెరా లోపల రికార్డు చేసేది 8 బిట్ 4:2:0. దాన్ని ఈ కాలపు ఏ గ్రాఫిక్స్ కార్డైనా సులువుగా విప్పుతుంది. అదే ఏ7 4లో 10 బిట్ 4:2:2 పెట్టుకొని తీసే వీలుంది, చాలామంది కెమెరామెన్లు అలాగే తీస్తున్నారు. హెచ్.265లోని ఈ 4:2:2 రకాన్ని ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 వరుసల కార్డులు విప్పలేవు, ఆర్‌టీఎక్స్ 50 వరుస నుంచే ఆ సదుపాయం వచ్చింది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో మాత్రం 11వ తరం నుంచి లోపలే ఉన్న చిన్న గ్రాఫిక్స్ భాగం ఆ పని చేస్తుంది. దాని పేరు క్విక్ సింక్.

ఇది తెలియక ఒక తోటి ఎడిటర్ నష్టపోవడం దగ్గర నుంచి చూశాను. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్నా, 4కే ఫుటేజీ టైమ్‌లైన్‌లో వేసి ప్లే నొక్కితే పెళ్లికొడుకు జీలకర్ర బెల్లం పెట్టే చెయ్యి గాలిలోనే ఆగిపోయేది, మంగళవాయిద్యాల ధ్వని మాత్రం ముందుకు సాగేది. దుకాణంలో వెయ్యి, రెండు వేలు తగ్గుతుందని ఆయనకు క్విక్ సింక్ లేని ప్రాసెసర్ ఇచ్చారు. ఫైలు రకం అడిగినవారు లేరు, చెప్పాలని ఆయనకూ తెలియదు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడతారన్నది కూడా అదే కాగితం మీద రాయండి. మన దగ్గర మిక్సింగ్ యూనిట్లలో ఎక్కువగా కనిపించే ఎడియస్ ఏళ్ల తరబడి క్విక్ సింక్ మీదే ఆధారపడుతూ వచ్చింది. డావిన్చీ రిజాల్వ్ గ్రాఫిక్స్ కార్డునూ దాని మెమరీనీ గట్టిగా వాడుకుంటుంది. దాని ఉచిత వెర్షన్ 4కే వరకు, సెకనుకు 60 ఫ్రేముల వరకు బయటికి ఇస్తుంది. ప్రీమియర్ ప్రోకు విప్పే విభాగమూ కార్డూ రెండూ కావాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు ర్యామ్ ఎంత ఇచ్చినా ఇంకా అడుగుతుంది.

రెండో అడుగు: కరెంటు కోసం డబ్బు ముందే పక్కన పెట్టండి

కొన్నేళ్ల కింద నేను కట్టిన ఒక సిస్టంలో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌ను అలాగే వాడాను. దాని మీద పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మిర్యాలగూడ పెళ్లి వీడియో రెండర్ అవుతుండగా కరెంటు రెండు సార్లు పోయి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు టప్ మని చిన్న శబ్దం, కాలిన వైరు వాసన, ఆ తర్వాత ఏమీ లేదు. మదర్‌బోర్డుతో పాటు హార్డ్ డిస్క్ సర్క్యూట్ కూడా పోయింది. కెమెరా కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి ఆ ఇంటివారికి పెళ్లి వీడియో మిగిలింది. తర్వాత విప్పి చూస్తే ఆ పెట్టె అరచేతిలో తేలిపోయేంత తేలిక. ఇన్‌పుట్ దగ్గర ఫిల్టర్ భాగాలు ఉండవలసిన చోట ఖాళీ రంధ్రాలకు తీగ ముక్కలు అతికించి ఉన్నాయి.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఇది. ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన పట్టికను చదవాలి. అందులో 12 వోల్టుల వరుసలో ఎన్ని వాట్లు ఇస్తుందో చూడాలి, ఎందుకంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఆ వరుస నుంచే. మొత్తం 550 వాట్లన్న పెట్టెలో 12 వోల్టుల వరుసే దాదాపు అంతా ఇవ్వగలిగితే అది నిజాయితీగా కట్టిన పెట్టె. తర్వాత ఇన్‌పుట్ దగ్గర 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడాలి. ఊళ్లలో బోరు మోటార్లన్నీ ఒకేసారి నడిచినప్పుడు వోల్టేజీ బాగా పడిపోతుంది. 200-240 అని మాత్రమే రాసిన ఎస్‌ఎంపీఎస్ అప్పుడు ఆరిపోవచ్చు, పూర్తి శ్రేణి ఉన్నది నిలబడుతుంది. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉండటం మంచిదే గానీ, అది కరెంటును ఎంత వృథా చేయకుండా వాడుతుందో చెప్పే గుర్తు మాత్రమేనని, భద్రతకు హామీ కాదని గుర్తుంచుకోవాలి. భద్రత కోసం ఓవర్ వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయని పెట్టె మీద రాసి, అయిదేళ్ల వారంటీ ఇచ్చే పేరున్న కంపెనీది తీసుకోండి.

ఎన్ని వాట్లు కావాలన్నది సులువైన కూడిక. ఐ5-12400 ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది, ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132, మిగిలిన భాగాలన్నీ కలిపి 50 అనుకుంటే మొత్తం 300 వాట్లు దాటదు. దానికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలు, సగం బరువు మీద నడిస్తే వేడీ చప్పుడూ తగ్గుతాయి.

ఎర్తింగ్ సంగతి చాలా ఇళ్లలో పట్టించుకోరు. క్యాబినెట్ ఇనుప భాగం తాకితే చేతికి చిమచిమ లాడినట్లు అనిపిస్తే, సాకెట్‌లోని మూడో రంధ్రానికి ఎర్త్ అందడం లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ అనవసర కరెంటును ఎర్త్‌లోకి పంపాలి. దారి లేకపోతే క్యాబినెట్ మీద సరఫరా వోల్టేజీలో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. కరెంటు స్వల్పమే కాబట్టి మనిషికి చిమచిమ దగ్గరే ఆగుతుంది గానీ, యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టులు కాలిపోవడానికి అది ఒక కారణం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటర్‌తో కొలిపించండి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు, మూడు వోల్టులలోపు ఉండాలి. లేకపోతే బొగ్గు, ఉప్పు వేసిన గుంతకు నీళ్లు పోయించడమో, కొత్త ఎర్త్ వేయించడమో కంప్యూటర్ రాకముందే జరగాలి.

యూపీఎస్ విషయంలో దుకాణాల్లో సాధారణంగా ఇచ్చే 600 వీఏ పెట్టె దాదాపు 360 వాట్ల వరకే మోస్తుంది. 300 వాట్ల సిస్టంకు మానిటర్ కూడా కలిస్తే అది అంచున నడుస్తుంది, కరెంటు పోయిన క్షణంలో చేతులెత్తేస్తుంది. 1000 లేదా 1100 వీఏది తీసుకుంటే ప్రాజెక్టును సేవ్ చేసి ఆపుకునేంత సమయం దొరుకుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీదే నడపవచ్చు గానీ, అది సైన్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండాలి, వెనుక మీట యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. మామూలు మోడ్‌లో మారే ఆ ఆలస్యానికే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. చదరపు తరంగం ఇచ్చే పాత ఇన్వర్టర్‌కు మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నా సిస్టంను తగిలించవద్దు.

మూడో అడుగు: ప్రాసెసర్, దాని పేరు చివరి అక్షరం

ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉంటే లోపల గ్రాఫిక్స్ భాగం పనిచేయదు, క్విక్ సింక్ ఉండదు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, వేగం అన్నీ ఐ5-12400కూ 12400ఎఫ్‌కూ ఒకటే. ఆటలు మాత్రమే ఆడేవారికి ఎఫ్ మిగులు, ఎడిటింగ్ మీద సంపాదించేవారికి నష్టం. ఆ ఒక్క అక్షరం వల్ల తగ్గే రూపాయలకు ఆశపడవద్దని నేను అడిగిన ప్రతివారికీ చెబుతాను.

ఎఫ్ లేని 12400కు ఇంకో లాభం ఉంది. డబ్బు పూర్తిగా సమకూరకపోతే గ్రాఫిక్స్ కార్డు లేకుండానే సిస్టం మొదలుపెట్టవచ్చు. 1080పీ పెళ్లి వీడియోల మిక్సింగ్ లోపలి గ్రాఫిక్స్‌తో నడిచిపోతుంది, వాలరెంట్ వంటి తేలిక ఆటలు కూడా తక్కువ సెట్టింగుల్లో ఆడుకోవచ్చు. ఒక లగ్గాల సీజన్ సంపాదన వచ్చాక కార్డు కొనుక్కోవచ్చు. అప్పు చేసి ఒకేసారి కొనడం కంటే ఈ దారి నాకు మేలుగా కనిపిస్తుంది.

మీ ఫుటేజీ 8 బిట్ 4:2:0నే అయి, ఆటల వైపు మొగ్గు ఎక్కువగా ఉంటే ఏఎండీ రైజెన్ 5 5600 తీసుకోవచ్చు. అదీ ఆరు కోర్లదే, 65 వాట్లదే. పేరు దగ్గరగా ఉండే 5500లో క్యాష్ మెమరీ సగమే ఉంటుంది, కార్డుతో మాట్లాడే దారి పాత పీసీఐ 3.0కే పరిమితం, కాబట్టి బిల్లు మీద అంకె సరిచూసుకోండి. ఇంకొంచెం పెట్టగలిగితే రైజెన్ 5 7600 ఉంది. దాని ఏఎం5 సాకెట్‌కు 2027 వరకూ, ఆ తర్వాతా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది కాబట్టి, ఏళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. అయితే దానికి డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి.

తక్కువ ధరకు ఐ7 గేమింగ్ సిస్టం అని వచ్చే ప్రకటనల దగ్గర జాగ్రత్త అవసరం. వాటిలో ఎక్కువగా ఉండేది నాలుగో తరం ఐ7-4770 లాంటిది, 2013 నాటిది. ఇప్పటి ఐ3-12100 కూడా అన్నే కోర్లతో దాన్ని సులువుగా దాటేస్తుంది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారిక మద్దతు, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది. విండోస్ 11లో వాలరెంట్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలు రెండూ కావాలి. పాత సర్వర్ల జియాన్ ప్రాసెసర్లతో కట్టే చైనా బోర్డుల సంగతీ ఇలాంటిదే. కోర్ల సంఖ్య చూసి మురిసిపోతాం గానీ వాటిలో క్విక్ సింక్ ఉండదు, బోర్డు పోతే మార్చి ఇచ్చేవారుండరు.

నాలుగో అడుగు: గ్రాఫిక్స్ కార్డు

మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు వరకు దీనికి ఇవ్వవచ్చు. 1080పీ తెర మీద ఆటలకు ఆర్‌ఎక్స్ 6600 ధరకు తగిన కార్డు, 8 జీబీ మెమరీ ఉంది. రిజాల్వ్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మీద పనిచేసేవారికి మాత్రం నేను ఎన్‌విడియా వైపే వెళ్లమంటాను, ఎందుకంటే ఎడిటింగ్ ప్లగిన్లలో చాలా వాటికి ఎన్‌విడియా సొంత పద్ధతి అయిన కుడా (CUDA) మీదే మంచి వేగం వస్తుంది. 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 వారంటీతో కొత్తది దొరికితే, కొత్త తరం 8 జీబీ కార్డు కంటే 4కే టైమ్‌లైన్‌లో అదే నిశ్చింత. రిజాల్వ్‌లో రంగులు దిద్దుతూ నాలుగైదు ఎఫెక్టులు పేర్చగానే జీపీయూ మెమరీ నిండిందని వచ్చే సందేశం ఒకసారి చూసినవారికి ఈ 12 విలువ తెలుస్తుంది. ఆర్‌టీఎక్స్ 4060 తాగేది 115 వాట్లే, ఏవీ1 అనే కొత్త పద్ధతిలో వీడియోను నొక్కే ఎన్‌కోడింగ్ కూడా ఉంది. ఆటలకూ 1080పీ ఎడిటింగ్‌కూ చల్లగా నడుస్తుంది. ఫుటేజీ 4:2:2 అయి, క్విక్ సింక్ లేని ప్రాసెసర్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే ఆర్‌టీఎక్స్ 5060 ఆ లోటు తీరుస్తుంది. ఇంటెల్ ఆర్క్ బీ580 కూడా 12 జీబీతో వస్తుంది, 4:2:2 విప్పుతుంది. కానీ బోర్డులో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి చేరే సదుపాయం) లేకపోతే ఆటల్లో బాగా వెనుకబడుతుంది.

వద్దనవలసినవి రెండు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలో వీడియోను నొక్కి దాచే హార్డ్‌వేర్ అసలు లేదు, అంటే ఎడిటింగ్ చేసేవారికి అది సగం కార్డే. జీటీ 1030 సంగతీ అంతే. సెకండ్ హ్యాండ్ కార్డు చూస్తుంటే జీపీయూ-జడ్ ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అక్కడే తెరవండి. పాత కార్డుకు కొత్త పేరు ఎక్కించి అమ్మే మోసం ఉంది, అలాంటి కార్డును ఆ ప్రోగ్రాం చాలావరకు పట్టిస్తుంది. తర్వాత పావుగంట ఆట ఆడించి, తెర మీద చుక్కలు, గీతలు రావడం లేదని చూశాకే డబ్బు ఇవ్వండి.

అయిదో అడుగు: బోర్డు, ర్యామ్

12400కు బీ660 లేదా బీ760, 5600కు బీ550 బోర్డు సరిపోతుంది. హెచ్610 బోర్డులు చవక గానీ వాటిలో ర్యామ్ స్లాట్లు రెండే, ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) చోటు చాలా వాటిలో ఒకటే. రేపు పని పెరిగితే అక్కడే ఇరుక్కుంటాం. ఒకే పేరుతో డీడీఆర్4, డీడీఆర్5 బోర్డులు రెండూ వస్తాయి, ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో దిగదు.

ర్యామ్ 16 జీబీ ఒకే కర్రగా కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి. రెండు దారుల్లో డేటా నడవడం వల్ల ఆటల్లోనూ లోపలి గ్రాఫిక్స్‌లోనూ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 2025 చివర నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, నాలుగు స్లాట్ల బోర్డు మీద 16తో మొదలుపెట్టి తర్వాత 32కు పోవడం సబబు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ రోజూ వాడేవారికి మాత్రం 32 మొదటి రోజు నుంచే కావాలి.

ఆరో అడుగు: ఫుటేజీకి చోటు

4కేలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు అయిదేసి గంటలు నడిచిన ఒక పెళ్లికి 450 జీబీ. అంటే 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒక్క పెళ్లికే నిండిపోతుంది. నా సలహా 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో విండోస్, ఇప్పుడు నడుస్తున్న పని. 4 టీబీ హార్డ్ డిస్క్‌లో అయిపోయిన పని. ఎస్‌ఎస్‌డీలో క్యూఎల్‌సీ (ఒక్కో గడిలో నాలుగు బిట్లు కుక్కే చవక) రకం తీసుకోవద్దు. మొదటి కొన్ని పదుల జీబీల వరకు వేగంగా రాసి, ఆ తర్వాత హార్డ్ డిస్క్ స్థాయికి, కొన్నిటిలో అంతకన్నా కిందికి పడిపోతుంది. కార్డులన్నీ ఒకేసారి దింపుకునే మన పనికి అది సరిపడదు. టీఎల్‌సీ (గడికి మూడు బిట్లే పెట్టే రకం) అని స్పష్టంగా రాసినదాన్ని అడగండి. వేగానికి మూడో తరం (జెన్3) చాలు. సెకనుకు 3,500 మెగాబైట్లకు, 7,000కు మధ్య తేడా పెళ్లి టైమ్‌లైన్‌లో కంటికి కనిపించదు. ఆ డబ్బుతో ఇంకో హార్డ్ డిస్క్ కొని, కస్టమర్‌కు పెన్‌డ్రైవ్ ఇచ్చేదాకా ఫుటేజీకి రెండో కాపీ ఉంచండి.

ఏడో అడుగు: ఎండ, దుమ్ము

మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు మనకు అలవాటే. రేకుల గదిలోనో పైఅంతస్తులోనో పెట్టిన మిక్సింగ్ యూనిట్‌లో ఫ్యాన్ కింద కూడా 40 డిగ్రీలు ఉంటుంది. గది వేడి ఒక డిగ్రీ పెరిగితే లోపలి భాగాల వేడీ దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో 70 చూపించే గ్రాఫిక్స్ కార్డు మన గదిలో 85 దగ్గరికి చేరుతుంది. ఎన్‌విడియా కార్డులు 83 దగ్గర వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి. వీడియోల్లో చూపించే పరీక్షల అంకెలు మన ఇంట్లో రాకపోవడానికి ఇది పెద్ద కారణం.

కాబట్టి ముందు భాగం అద్దంతో మూసిన క్యాబినెట్ వద్దు, జాలీ ఉన్నది తీసుకోండి. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనుక ఒకటి బయటికి పంపాలి. ప్రాసెసర్‌తో వచ్చే చిన్న కూలర్ శీతాకాలం నెట్టుకొస్తుంది గానీ, వేసవిలో గంట రెండర్‌కు దాని ఫ్యాన్ అరుపు భరించడం కష్టం. టవర్ ఎయిర్ కూలర్ ఒకటి వేయించుకోవాలి. దానికయ్యే ఖర్చును లైట్ల ఫ్యాన్లు మానుకొని సర్దుబాటు చేయవచ్చు. నీళ్ల గొట్టాల లిక్విడ్ కూలర్ ఈ బడ్జెట్‌లో అవసరం లేదు.

దుమ్ము ఊరిని బట్టి మారుతుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఊక, తవుడు గాలిలో ఉంటాయి. పాలమూరు ఎర్ర చెల్క నేలల సన్నని మట్టి కిటికీ మూసినా ఆగదు. క్యాబినెట్ ముందూ, కిందా విప్పి కడుక్కునే ఫిల్టర్లు ఉండేలా చూడండి, నెలకోసారి కడిగి ఆరబెట్టి పెట్టండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, వదిలేస్తే అతివేగంగా తిరిగి బేరింగ్ చెడిపోతుంది. గదిలో పెట్టే నీళ్ల కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలకూడదు. ఆ తేమకు దుమ్ము తడిసి ప్రాసెసర్ కూలర్ రేకుల మధ్య బురదలా గట్టిపడుతుంది, తర్వాత బ్రష్‌తో గీకినా పోదు.

ఎనిమిదో అడుగు: మానిటర్

ఎడిటింగ్ చేసేవారు 24 అంగుళాల 1080పీ ఐపీఎస్ తెర తీసుకోవాలి, ఎస్‌ఆర్‌జీబీ (తెర చూపే రంగుల కొలమానం) 99 శాతం లేదా పైన ఉందని చూసుకోవాలి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీల రంగుల కొలమానం) అని రాసిన చవక తెరలో పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర వెలిసిపోయినట్లు కనిపిస్తుంది, అది చూసి మీరు రంగు పెంచుతారు. కస్టమర్ టీవీలో పెట్టేసరికి పసుపు రాసిన ముఖాలన్నీ నారింజ రంగులోకి మారిపోయి ఉంటాయి. ఆటల కోసం 100 హెర్ట్జ్ ఉంటే చాలు, 144 దొరికితే సంతోషమే గానీ దాని కోసం రంగును వదులుకోవద్దు.

తొమ్మిదో అడుగు: ఎక్కడ, ఎలా కొనాలి

నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ 100 కిలోమీటర్ల దూరమే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే చోట, ఒక పొద్దంతా తిరిగితే నాలుగైదు దుకాణాల్లో రేట్లు కాగితం మీద రాయించుకోవచ్చు. ఆ కాగితంలో ప్రతి భాగానికీ పూర్తి మోడల్ పేరు ఉండాలి. 16 జీబీ ర్యామ్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అని మాత్రమే రాస్తే అది పోల్చడానికి పనికిరాదు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ ఒకే చోట తీసుకొని అక్కడే ఆన్ చేయించి చూడటం మంచిది. లేకపోతే తప్పు ఎవరిదన్న వాదనలో మీకు రెండో ప్రయాణం తప్పదు. మానిటర్, యూపీఎస్ మాత్రం మీ ఊరి దుకాణంలోనే కొనండి. బరువైన వస్తువులు, చెడితే తీసుకెళ్లడం కష్టం.

పెట్టె లేకుండా ఇచ్చే ట్రే ప్రాసెసర్ చవక గానీ, దానికి కంపెనీ ఇచ్చే మూడేళ్ల వారంటీ ఉండదు, దుకాణం మాటే వారంటీ. జీఎస్‌టీ లేకుండా ఇస్తామంటే ఒప్పుకోవద్దు. 18 శాతం మిగిలినట్లు కనిపిస్తుంది గానీ రెండేళ్ల తర్వాత గ్రాఫిక్స్ కార్డు చెడితే సర్వీస్ సెంటర్ అడిగే మొదటి కాగితం ఆ బిల్లే. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించండి, పెట్టెల మీది నంబర్లతో సరిచూసి ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

పదో అడుగు: బిగించడం, పరీక్షించడం

బోర్డును క్యాబినెట్‌లో పెట్టకముందే దాని అట్టపెట్టె మీద ఉంచి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్‌తో ఆన్ చేసి చూడండి. కూలర్ అడుగున పారదర్శక ప్లాస్టిక్ పొర ఉంటే తీసేయాలి. మరచిపోతే నిమిషంలో ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోతుంది. రెండు ర్యామ్‌లు ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే వాటిలో ప్రాసెసర్ వైరు, గ్రాఫిక్స్ కార్డు వైరు రెండూ ఎనిమిది పిన్నులవే గానీ ఒకటి కావు. మీద రాసిన పేరు చదివి పెట్టండి, దిగకపోతే బలవంతం చేయవద్దు. మానిటర్ వైరును గ్రాఫిక్స్ కార్డుకే తగిలించండి, బోర్డుకు కాదు.

బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, మూడు మార్పులు చేయాలి. ర్యామ్ పూర్తి వేగంతో నడవడానికి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి, లేకపోతే 3200 ర్యామ్ కూడా 2133 లేదా 2400 దగ్గరే ఉండిపోతుంది. రీసైజబుల్ బార్ ఆన్ చేయాలి. మూడోది, చాలామంది మరచిపోయేది: గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే చాలా బోర్డులు ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి, దానితో పాటు క్విక్ సింక్ కూడా పోతుంది. ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్న సెట్టింగును ఎనేబుల్ చేసి, ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా వేస్తే, టాస్క్ మేనేజర్‌లో రెండు జీపీయూలు కనిపిస్తాయి. 4:2:2 ఫుటేజీ ప్లే చేస్తూ అక్కడ ఇంటెల్ జీపీయూ కింద వీడియో డీకోడ్ గీత పైకి లేస్తుందో లేదో చూడండి. లేస్తే ఎఫ్ లేని ప్రాసెసర్‌కు పెట్టిన ప్రతి రూపాయీ పనిచేస్తున్నట్లే.

ఆ రాత్రి మెమ్‌టెస్ట్86తో ర్యామ్‌ను తెల్లవార్లూ పరీక్షించండి, ఒక్క తప్పు చూపించినా మరునాడే మార్పించండి. మరుసటి మధ్యాహ్నం రెండు గంటలకు, గది బాగా వేడెక్కినప్పుడు, వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం తెరిచి అరగంట 4కే రెండర్ పెట్టండి. 12400 హద్దు 100 డిగ్రీలు, 5600 హద్దు 90. వాటికి పది డిగ్రీల కింద ఆగితే సరే. అంతకు మించి పోతుంటే ముందు క్యాబినెట్ పక్క రేకు తీసి ఇంకోసారి చూడండి. వేడి బాగా తగ్గితే లోపం గాలి దారిలో ఉంది, ముందు ఫ్యాన్ ఒకటి పెంచాలి. తగ్గకపోతే కూలర్ సరిగా కూర్చోలేదు; విప్పి, పాత పేస్టు తుడిచి, మధ్యలో బఠానీ గింజంత కొత్త పేస్టు పెట్టి, స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి.